నేల పొంగును పట్టిన స్ప్రింగు

బయట గ్లాస్గో వాన. లోపలికి రాగానే ముందు బూట్లకు తొడుగులు, తర్వాత తలకు టోపీ, మూతికి మాస్కు, మెడ నుంచి మడమల దాకా తెల్ల సూటు, చేతులకు గ్లవ్స్. మొహానికి పౌడరు రాసుకొచ్చారా, ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లాలి. ఈ వేషమంతా మిమ్మల్ని కాపాడ్డానికి కాదు. మీ ఒంటి మీది దుమ్ము నుంచి లోపలి వస్తువుల్ని కాపాడ్డానికి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని జేమ్స్ వాట్ నానోఫ్యాబ్రికేషన్ సెంటర్ ఇది.

రెండో తలుపు తెరిస్తే అంతా పసుపు వెలుతురు. అద్దంలా మెరిసే సిలికాన్ పలక మీద పూసే పూతకు నీలం కాంతి, అతినీలలోహిత కాంతి తగలకూడదు, అందుకని ఆ రంగు దీపాలు. కప్పులోంచి వడగట్టిన గాలి ఆగకుండా కిందికి దిగుతుంటుంది, ఆ హోరు మీద గొంతు పెంచితేగానీ పక్కవాళ్లకు మాట వినపడదు. పలక నడిమధ్యన జిగురులాంటి ద్రవం వేసి గిర్రున తిప్పుతారు. అంచుల దాకా పాకి పల్చబడుతూ ఒకట్రెండు క్షణాలు ఇంద్రధనుస్సు రంగులు తిరిగి, ఉన్నట్టుండి నిశ్చలమవుతుంది. వేడి పలక మీద ఆరబెట్టి, మీద నమూనా పెట్టి, ఒక్క లిప్త అతినీలలోహిత కాంతి చూపిస్తారు. ద్రావకంలో ముంచి తీస్తే, ఏమీ లేనిచోట గీతలు తేలతాయి.

ఇప్పుడు చెక్కడం. పలకను యంత్రంలో పెట్టి గాలంతా లాగేస్తారు. చిన్న కిటికీకి కన్ను ఆనిస్తే ఊదారంగు వెలుగు. ఒక వాయువు సిలికాన్‌ను తింటుంది, కొన్ని క్షణాలకే మరొకటి వచ్చి గోడలకు పూత వేస్తుంది, మళ్లీ మొదటిది. వాయువు మారినప్పుడల్లా ఆ వెలుగు ఛాయ కూడా కొంచెం మారుతుంది. తినడం, పూయడం, తినడం. గుంత పక్కలకు విస్తరించకుండా నిట్టనిలువుగా లోతుకు దిగేది ఈ వంతులవారీ పని వల్లే. జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజినీర్లు 1990ల్లో రూపొందించిన పద్ధతి ఇది, మీ ఫోన్‌లోని చలనమాపకాల తయారీలోనూ దీనిదే రాజ్యం.

బయటికొచ్చింది 12 మిల్లీమీటర్ల చదరం. దాని మధ్య ఒక సిలికాన్ ముక్క సన్నటి స్ప్రింగుల మీద వేలాడుతోంది. ఆ స్ప్రింగులు తలవెంట్రుక మందంలో పదో వంతు. పట్టకారుతో పట్టుకునే మనిషి ఊపిరి బిగబట్టడం మామూలే.

ఫోన్‌లోనూ ఇలాంటి ముక్కే ఉంది, కాకపోతే దాని స్ప్రింగు బిగువైనది, సెకనుకు వేలసార్లు కంపించేది. తెర అడ్డం తిరిగిందా నిలువు తిరిగిందా చెప్పడానికి అది చాలు. గ్లాస్గో వాళ్లు ఆ బిగువునే తగ్గించారు. స్ప్రింగులను వంపు తిప్పి చెక్కడంతో, బరువుకు కిందికి లాగినకొద్దీ మొండికేయాల్సిన స్ప్రింగు ఇంకా మెత్తబడుతుంది. పలకను నిలబెట్టేసరికి కంపనం సెకనుకు 2.3 సార్లకు దిగుతుంది. ఈ కథలో నాకు ఆసక్తికరంగా తోచింది ఇదే: సూక్ష్మయంత్రాల వాళ్లు వేగం కోసం తాపత్రయపడే చోట, వీళ్లు నిదానం కోసం తంటాలు పడ్డారు.

ఈ చిప్పు పని గురుత్వంలో మార్పుల్ని కొలవడం. లెక్క చూడండి. గురుత్వాన్ని కొలిచే మైక్రోగాల్ అంటే భూమ్యాకర్షణలో సుమారు వంద కోట్లో వంతు. మీరు ఒక మెట్టు ఎక్కితే యాభై మైక్రోగాల్ తగ్గుతుంది. గురుత్వం వంద మైక్రోగాల్ మారితే ఈ మెత్తటి స్ప్రింగు దాదాపు 5 నానోమీటర్లు సాగుతుంది. అదే మార్పుకు సెకనుకు రెండు వేలసార్లు కంపించే స్ప్రింగు కదిలేది పరమాణు కేంద్రకమంత దూరం. అక్కడ కొలవడానికేముంది!

భౌతికశాస్త్ర విభాగం కెల్విన్ పేరున్న భవనంలో ఉంది. ఈ విశ్వవిద్యాలయంలోనే 53 ఏళ్లు పాఠాలు చెప్పిన కెల్విన్, సముద్రపు పోటుపాట్ల ఆధారంగా భూమి ఉక్కులాంటి గట్టిదని 1860ల్లోనే వాదించాడు. అంత గట్టి నేలకూ పోటుంది. సూర్యచంద్రుల లాగుడుకు మన కాళ్ల కింద భూమి కొన్నిచోట్ల 40 సెంటీమీటర్ల దాకా లేచి దిగుతుంటుంది. ఊళ్లకు ఊళ్లే కలిసి లేస్తాయి గనక ఎవరికీ తెలియదు.

ఈ పోటును పట్టడానికి ప్రయోగశాలలో ఆ సిలికాన్ చదరాన్ని శూన్యపు డబ్బాలో పెట్టారు. ఒకపక్క చిన్న ఎల్‌ఈడీ, మరోపక్క కాంతిని పట్టే ఫోటోడయోడ్, మధ్యన ఆ ముక్క నీడ. నీడ జరిగితే విద్యుత్తు మారుతుంది. అసలు పోరు వేడితో. ఒక్క డిగ్రీ పెరిగితే సిలికాన్ బిగువు లక్షకు ఆరు వంతులు తగ్గుతుంది, ఆ కాస్త తేడా నేల పోటు సంకేతాన్ని వందల రెట్లు మించిపోతుంది. అందుకే ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతు స్థాయిలో నిలబెట్టాల్సి వచ్చింది. ఒక గంట కాదు, రోజుల తరబడి.

తెర మీద గీత పాకుతోంది. ముందు అంతా గజిబిజి. గంటలు గడిచేకొద్దీ గజిబిజి లోంచి ఒక అల లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. పక్కన సిద్ధాంతం ప్రకారం ముందే లెక్కకట్టిన గీత ఉంది. నేల పోటు ఎప్పుడు ఎంత ఉండాలో ప్రపంచంలో ఏ చోటికైనా ముందే చెప్పేయొచ్చు, కాబట్టి పరికరం బొంకితే ఇట్టే దొరికిపోతుంది. రెండు గీతలూ కలిశాయి. 2016 మార్చిలో ‘నేచర్’ పత్రిక ఈ ఫలితాన్ని అచ్చువేసింది. సున్నితత్వం, 1 హెర్ట్జ్ పట్టీలో చూస్తే, 40 మైక్రోగాల్. ఇలాంటి చిప్పు గురుత్వమాపకం అనిపించుకోవడం అదే మొదలు.

అప్పటిదాకా గురుత్వమాపకమంటే లక్ష డాలర్ల పైమాటే, 8 కిలోలకు తక్కువ ఉండేది కాదు. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల ఖనిజాలు, భూమి లోపలి పొరల అధ్యయనంలో గురుత్వ సర్వేలు పాత పనే. బరువైన పరికరాన్ని ఒక్కో చోట దింపి, మట్టం సరిచూసి, రీడింగు రాసుకుని, మళ్లీ జీపెక్కించాలి. చవకైన చిప్పులైతే పదులకొద్దీ ఒకేచోట నాటి వదిలేయొచ్చు, డ్రోనుకు కట్టి ఎగరేయొచ్చు.

ఆ ఆశతోనే 2018లో న్యూటన్-జీ అనే యూరోపియన్ ప్రాజెక్టు సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతాన్ని ఎంచుకుంది. కొండ లోపల శిలాద్రవం చేరితే అక్కడి గురుత్వం కొద్దిగా మారుతుంది, చుట్టూ చాలాచోట్ల కొలిస్తే అది ఎటు కదులుతోందో పసిగట్టొచ్చు. అయితే ఎట్నా మీద మంచు కురుస్తుంది, బూడిద పడుతుంది, నేల అదురుతుంది, కరెంటు తీగ పక్కనే ఉండదు. ల్యాబులో నిలబెట్టిన ఆ వెయ్యో వంతు డిగ్రీని అక్కడ బ్యాటరీతో నిలబెట్టాలి.