ఇప్పపూవు: ఆకలికీ ఆబ్కారీకీ నడుమ

ఫాల్గుణంలో ఆకు రాలే రోజుల్లో, ఇంకా తెల్లవారకముందే ఉట్నూరు వైపు అడవిలోకి పోయి చూడండి. ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకొని కనిపిస్తారు. అప్పుడు చెట్టుకు ఆకు ఉండదు, పూవే ఉంటుంది. రాత్రి విచ్చుకొని వేకువన టపటపా రాలుతుంది. మీగడ రంగు, కండగల పూవు. నోట వేసుకుంటే తియ్యన. వాసన మాత్రం అందరికీ గిట్టదు లెండి.

ఎండబెడితే ఎండుద్రాక్షవలె అవుతుంది. ఎండిన పూవులో సగానికి పైగా చక్కెరే. పచ్చిగా తింటారు, వేయించుకుంటారు, పిండిలో కలిపి వండుకుంటారు. గాదె ఖాళీ అయిన నెలల్లో, కరువు ఏళ్లలో, మధ్య భారతపు అడవిజనానికి ఇదే కూడు. దున్నకుండా, విత్తకుండా వచ్చిన కూడు.

మరి ఇటువంటి తిండి మీదికి చట్టం ఎందుకు వచ్చినది? అదే పూవును పులియబెట్టి కాస్తే సారా అవుతుంది. గోండుల ఇంట పెళ్లికైనా, దేవుని కొలుపుకైనా అది ఉండవలసిందే. ఆంగ్ల సర్కారుకు మాత్రం సారా అంటే పన్ను, గుత్తేదారు కట్టే పైకం. ఎవరింట వారు కాచుకుంటే దుకాణంలో కొనేదెవరు? బొంబాయి రాజధానిలో 1878 ఆబ్కారీ చట్టంతో ఇంటికాపు మీద పట్టు బిగించినారు. అదీ చాలక 1892లో ఇప్పపూవు కోసమే ఒక చట్టం చేసి, ఠాణా, కొలాబా జిల్లాల్లో పూవు ఏరడం, నిలవచేయడం, అమ్మడం మీదనే ఆంక్షలు పెట్టినారు. సారా మీద కాదండీ, పూవు మీద! ఇది బీదల తిండి గదా అన్నవారు లేకపోలేదు. ఖజానా మాటే నెగ్గినది.

మన వైపు, నిజాం రాజ్యంలోనూ ఆబ్కారీ పెద్ద రాబడే. అడవి మీదా అదే బిగింపు. 1940లో కొమురం భీము జోడేఘాట్ వద్ద ప్రాణమిచ్చినది అడవి, భూమి హక్కుల కోసమే.

స్వతంత్రం వచ్చిన పిమ్మట 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ వెలసి అటవీ ఫలసాయం కొనసాగినది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయాన్ని ఏరి అమ్ముకొనే హక్కును అడవివాసులకే రాసి ఇచ్చినది. ఉట్నూరులో ఆడవాళ్లు ఇప్పపూవుతో లడ్డూలు చుట్టి అమ్ముతున్నారు. సారా పేరు చెప్పి పూవును చిన్నచూపు చూసినవారు ఆ లడ్డూ ఒకటి తిని చూడవలె.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. పూవు తేటగా కనబడాలని చెట్టు కింద ఎండుటాకు తగలబెట్టే అలవాటు ఉన్నది. ఆ మంట చుట్టుపట్ల పాకి లేత మొలకలను మాడ్చివేస్తుంది. మందలించితే వినరు. చెట్టు కింద పాత చీరో, వలో పరచి చూపండి. పూవుకు మట్టి అంటదు, ఏరే పనీ తగ్గుతుంది. వేసవి చివర విత్తు రాలుతుంది. అంతా నూనెకు పోనివ్వక నాలుగు గింజలు నాటించండి. పూతకు పదేండ్ల దాకా పట్టవచ్చును.