మెరిసే ముక్కా, మామూలు ముక్కా?



కయత్తారు పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి 1799 అక్టోబరు 16 గుర్తుకొస్తుంది. కట్టబొమ్మన్‌ను ఉరితీసిన రోజు అది. కాని చరిత్ర అంటే యుద్ధాలూ ఉరికంబాలే కాదు. మనిషి ఆడుకున్న వస్తువులకు కూడా చరిత్ర ఉంది. ఈనాటి ప్రసంగం అటువంటి ఒక చిన్న వస్తువు గురించి. అది పేకముక్క.

మీ ఇంట్లో పదీ పన్నెండేళ్ళ పిల్లవాడు ఉంటే ట్రేడింగ్ కార్డులనే మాట వినే ఉంటారు. పొట్లాలుగా కొనుక్కుని, స్నేహితులతో మార్చుకుని, తనకంటూ ఒక కట్ట తయారు చేసుకుని దానితో పందెం లేకుండా పోటీకి దిగే ఆట ఇది. ఈ కార్డుల్లో రెండు రకాలు. ఒకటి మామూలు అట్టముక్క. రెండోది ఫాయిల్ కార్డు, అంటే వెలుతురుకు ఇంద్రధనుస్సులా మెరిసే ముక్క. పిల్లవాడికి మెరిసేదే కావాలి. మరి పోటీలో ఆడడానికి ఏది మంచిది? పిల్లల గొడవలే అని కొట్టిపారేయకండి. ఈ ప్రశ్నకు మన దేశంలో కనీసం నాలుగైదు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

పేకముక్కకు రెండు ముఖాలు. ఒకటి ఆడేవాడు చూసుకునేది, రెండోది ఎదుటివాడికి కనిపించేది. ముందువైపు ఎంత అందంగా ఉన్నా అడ్డులేదు. వెనకవైపు మాత్రం ఏ ముక్కా ఇంకో ముక్కకు తేడాగా కనిపించకూడదు, చేతికి తేడాగా తగలకూడదు. ఆటలోని న్యాయమంతా ఆ వీపు మీదే నిలబడి ఉంది.

ఇంగ్లీషు పేక మన ఊళ్ళకు అలవాటు కాకముందు ఈ దేశంలో గంజీఫా అనే ఆట ఉండేది. ఆ పేరు పారసీక దేశం వైపు నుంచి వచ్చింది. 1527లో బాబరు సింధు పాలకుడు షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినట్టు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అక్బరు ఆడిన పేక ఎలా ఉండేదో అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వివరించాడు. తర్వాతి కాలంలో ఆ ఆట మన పురాణాలను కూడా తనలో కలుపుకున్నది. దశావతార గంజీఫాలో అవతారానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఆ తర్వాత ఒకటి నుంచి పది దాకా అంకెలు. పగలు ఆడితే రాముడి రంగుతోనూ, రాత్రి ఆడితే కృష్ణుడి రంగుతోనూ ఆట మొదలుపెట్టడం ఆచారం. ముక్కలు గుండ్రంగా ఉంటాయి. తెలుగునాట నిర్మల్ నకాషీ చిత్రకారులు వీటిని తయారు చేశారు. ఒరిస్సాలో, మైసూరులో, మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో కూడా ఈ కళ వర్ధిల్లింది.

ఇక అసలు సంగతి. ఆ గంజీఫాలో కూడా రెండు రకాలు ఉండేవి. ఒకదాన్ని దర్బార్ కలం అన్నారు, ఇంకొకదాన్ని బజార్ కలం అన్నారు. దర్బార్ కలం ముక్కలు ఏనుగు దంతంతోనో తాబేటి చిప్పతోనో చేసి, బంగారు పూత పూసి, సన్నని కుంచెతో బొమ్మలు వేసినవి. బజార్ కలం ముక్కలు గుడ్డతోనో, కాగితపు గుజ్జుతోనో, చెక్కతోనో చేసినవి. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి, ఎండబెట్టి, గుండ్రంగా కోసి, బొమ్మ వేసి, లక్క పూత పూసేవారు. అంటే మెరిసే ముక్క, మామూలు ముక్క అనే తేడా ఈనాటిది కాదు. రాజుగారి చేతిలో ఒకటి, సంతలో కొనుక్కున్నవాడి చేతిలో ఒకటి ఉండేది.

అయితే ఈ రెంటికీ ఒకే నియమం. వెనకవైపు సాధారణంగా ఒకే రంగు, బొమ్మ ఉండదు, గీత ఉండదు. ముక్క గుండ్రంగా ఉండడం వల్ల తల ఏదో కాలు ఏదో వీపు చూసి చెప్పలేం. గంజీఫా జ్ఞాపకశక్తి మీద నడిచే ఆట. ఏ ముక్క పడిపోయింది, ఎవరి దగ్గర ఏది మిగిలింది అని గుర్తు పెట్టుకున్నవాడిదే గెలుపు. వీపు మీద ఒక్క మచ్చ ఉంటే చాలు, ఎదుటివాడికి జ్ఞాపకంతో పనిలేదు, కళ్ళుంటే సరిపోతుంది. అందుకే బంగారం పూసిన చిత్రకారుడు కూడా ఆ బంగారాన్ని ముక్క ముఖానికే పూశాడు.

ఇక్కడ ఇంకో మాట. ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల గాజు పెట్టెల్లో ఉన్న దంతపు ముక్కలు చూసి మన పూర్వులు ఇలాంటివాటితో ఆడేవారు కాబోలు అనుకుంటాం. కాని రోజూ చేతులు మారిన ముక్క అరిగిపోతుంది, చిరిగిపోతుంది, చివరికి పారేస్తారు. పెట్టెలో దాచిన ముక్క మిగులుతుంది. ఆటకు ఎక్కువగా పనికొచ్చింది బజారు ముక్కే, చరిత్రకు ఎక్కువగా మిగిలింది దర్బారు ముక్కే. ఈ తేడాను మనసులో పెట్టుకోండి. ఫాయిల్ కార్డు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పనికొస్తుంది.

తర్వాత ఓడల మీద యూరపు వారి పేక వచ్చింది. మనం తెలుగులో కళావరు అంటున్న గుర్తును డచ్చివారు క్లావర్ అంటారు. డచ్చివారు మచిలీపట్నంలోనూ, పులికాట్‌లోనూ, మన పక్కనున్న తూత్తుకుడిలోనూ వర్తకం చేసినవారే. ఆ యూరపు ముక్కలకు మొదట్లో వీపు తెల్లగా ఉండేది. తెల్లటి కాగితం మీద వేలిముద్ర పడినా, కాఫీ చుక్క పడినా గుర్తే. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో థామస్ డి లా రూ వంటి అచ్చువారు వీపు మీద అల్లిక నమూనాలు అచ్చువేయడం మొదలుపెట్టాక ఆ మచ్చలు నమూనాలో కలిసిపోయాయి. వెలుతురుకు ఎత్తిపట్టి చూసినా బొమ్మ కనిపించకుండా రెండు కాగితాల మధ్య నల్లని జిగురు పెట్టే పద్ధతి కూడా వచ్చింది. పేక తయారీలో తెలివి ఎంతో భాగం ఈ వీపును కాపాడడానికే ఖర్చయింది.

1967లో మన సుప్రీంకోర్టు సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తేల్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అన్నది ఆ తీర్పులోని తర్కం. ఆ తర్కం నిలబడాలంటే ముక్క వీపు ఏమీ చెప్పకూడదు. వీపు మాట్లాడితే నైపుణ్యం అన్న మాటకే అర్థం లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. మరుసటి ఏడు శివకాశిలో ఆ పరిశ్రమ మొదలైంది. అక్కడా, సాత్తూరులో, కోవిల్‌పట్టిలో అది నిలదొక్కుకోవడానికి ఒక కారణం మన పొడిగాలి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. పుల్ల ఆరాలన్నా, మందు ఆరాలన్నా అదే కావాలి. అగ్గిపెట్టెకు లేబులు కావాలి కనుక అచ్చుయంత్రాలు వచ్చాయి. తర్వాత కాలెండర్లు, డైరీలు, గ్రీటింగు కార్డులు అచ్చయ్యాయి. ఆ అగ్గిపెట్టె బొమ్మలే ఒకప్పుడు మన పిల్లలకు ట్రేడింగ్ కార్డులు. రోడ్డు పక్కన ఏరుకుని, అరుదైన బొమ్మకు రెండు మామూలు బొమ్మలిచ్చి మార్చుకుని, ఒకటి మీద ఒకటి వేసి బొమ్మ కలిస్తే కట్టంతా తీసుకునేవారు. కాణీ ఖర్చు లేదు.

ఇలా మార్చుకునే ముక్కలతోనే లోతైన పోటీ ఆట తయారు చేయవచ్చునని చూపినవాడు అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త. 1993లో ఆయన రూపొందించిన మ్యాజిక్ అనే ఆట వెలువడింది. 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డులు వచ్చాయి. వాటిలో మొదటి నుంచీ మెరిసే ముక్కలున్నాయి. 1999లో మ్యాజిక్ పొట్లాల్లో కూడా ఫాయిల్ కార్డులు పెట్టడం మొదలైంది. అదే పేరు, అదే బొమ్మ, అదే బలం, మెరుపు ఒక్కటే తేడా. అరుదు కనుక సాధారణంగా ధర మాత్రం ఎక్కువ. కొన్ని పిల్లల ఆటల్లో మెరుపు ముక్క మీదే పెద్ద అంకె వేస్తారు. ఆ సంగతి వేరు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది, ఒకే ముక్క రెండు రకాలుగా దొరికే ఆటల గురించి.

ఫాయిల్ కార్డుతో చిక్కు ఎక్కడ వస్తుంది? కాగితం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుపోతుంది. దాని ముఖానికి అంటించిన మెరుపు పొర ప్లాస్టిక్కూ లోహమూ కలిసినది. అది ఉబ్బదు, కుంచించుకోదు. రెండూ ఒకటిగా అంటుకుని ఉన్నాయి కనుక కార్డు వంగక తప్పదు. తేమ రోజుల్లో అంచులు ముఖం వైపు లేస్తాయి, పొడి రోజుల్లో వీపు వైపు తిరుగుతాయి. మెరుపు కాగితం అంటించిన పెళ్ళిపత్రికను నాలుగు రోజులు కిటికీ దగ్గర ఉంచి చూడండి, సంగతి అర్థమవుతుంది. మన నేలలో ఇది ఇంకా ఎక్కువ. వైశాఖంలో నల్లరేగడి నేల బీటలు వారుతుంది. ఆడి నెలలో కయత్తారు గాలిమరలు తిరుగుతుంటాయి. ఐప్పసి వచ్చేసరికి ఈశాన్య రుతుపవనం తడిపేస్తుంది. ఏ పొడిగాలి మన అగ్గిపుల్లకు మేలు చేసిందో అదే పొడిగాలి మెరిసే ముక్కను వంచేస్తుంది.

అరవై ముక్కల కట్టలో యాభైఆరు మామూలువి, నాలుగు మెరిసేవి ఉన్నాయనుకుందాం. ఆ నాలుగూ సాధారణంగా ఆ పిల్లవాడికి బాగా ఇష్టమైనవి, అంటే అతని కట్టలో బలమైనవి. పేక కలిపి కోసినప్పుడు కట్ట సరిగ్గా వంగిన ముక్క దగ్గరే విడిపోతుంది. వాడికి మోసం చేసే ఉద్దేశం ఏ కోశానా లేకపోవచ్చు. కాని పైముక్క ఏమిటో వాడికీ తెలిసిపోతుంది, ఎదుటివాడికీ తెలిసిపోతుంది. గట్టి పోటీల్లో ఇలాంటిదాన్ని గుర్తుపడ్డ ముక్క అంటారు. కట్టను సరిగా ఉంచుకునే బాధ్యత ఆటగాడిదే. హెచ్చరికతో వదలవచ్చు, తీరును బట్టి ఆ ఆట ఓడిపోయినట్టు కూడా ప్రకటించవచ్చు. ఒక ముక్క మెరుపు రూపంలో తప్ప దొరకదంటే మ్యాజిక్ పోటీలలో న్యాయనిర్ణేత దాని స్థానంలో మారుముక్క ఇచ్చే వీలుంది. అంటే నియమాలు రాసినవారికి కూడా ఈ వంపు సంగతి బాగా తెలుసు.

కనుక నా అభిప్రాయం ఇది. పోటీకి మామూలు ముక్కే మేలు. ఖర్చు తక్కువ, వంపు తక్కువ, అనుమానం తక్కువ. మెరిసేవి వాడి తీరాలంటే కొన్నీ కొన్నీ కలపవద్దు. అన్నిటికన్నా చెడ్డ కట్ట ఆ కలగలుపు కట్టే. అన్నీ మెరిసేవే అయినా వేరువేరు సంవత్సరాల అచ్చులు వేరువేరుగా వంగుతాయి. కాబట్టి వీపు కనిపించని గట్టి ప్లాస్టిక్ తొడుగులు అన్నిటికీ ఒకే రకంవి, ఒకే రోజున కొత్తవి వేయండి. ముక్కలను గాలి చొరని డబ్బాలో ఉంచండి. వంగినదాన్ని వెనక్కి వంచి, వేడి పెట్టి సరిచేయబోతే మడత పడి ఇంకా చెడుతుంది. పోటీకి ముందు ఒక పరీక్ష చేయండి. కట్టను బల్లమీద పెట్టి పక్కనుంచి చూడండి, సందు కనిపిస్తోందా? మీ తమ్ముణ్ణి కళ్ళు మూసుకుని పదిసార్లు కోయమనండి. పదేపదే ఒకే ముక్క దగ్గర తెగితే ఆ ముక్కను తీసి మామూలుది పెట్టండి.

మెరుపు అంటే ఇష్టం ఉన్నవారిని నేను తక్కువ చేయడం లేదు. అందమైన వస్తువును దాచుకోవడంలో తప్పేమీ లేదు. దర్బార్ కలం లేకపోతే ఆనాటి చిత్రకారుల చేతి నేర్పు మనకు తెలిసేదే కాదు. దాచుకునేది పెట్టెలో ఉండాలి, ఆడేది బల్లమీద ఉండాలి. అంతే తేడా.

తల్లిదండ్రులకు ఒక మాట. పోటీ బల్ల దగ్గర పిల్లవాడి మీద మోసం అనే మాట పడితే అది అంత తేలికగా పోదు. గెలిచినా ఆ గెలుపు చేదైపోతుంది. వాడు నిర్దోషి అని మీకు తెలుసు, కాని వంగిన ముక్క సాక్ష్యం మీకు వ్యతిరేకంగా చెబుతుంది. అలాగే ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న పేదింటి పిల్లవాడికి, డబ్బుపెట్టి కొన్న మెరుపు ముందు నేను ఓడిపోయానన్న బాధ కలగకూడదు. నిర్మల్ చిత్రకారుడు చింతగింజల జిగురుతో అంటించి, వీపంతా ఒకే రంగు పూసి చెప్పింది ఈ సంగతే. రాజుగారి ముక్కకైనా, రైతు ముక్కకైనా వీపు ఒక్కటే.