గండి తెగిన కొండలు

నది కొండను తెంచుకొని ముందుకు సాగిన చోటును మన పెద్దలు గండి అన్నారు. చెరువుకట్ట తెగినా గండియే, కొండ తెగినా గండియే. కట్ట తెగడానికి ఒక రాత్రి వాన చాలును. కొండ తెగడానికి ఎంత కాలము పట్టినది? దానిని కోసినది నీరేనా, లేక భూకంపము వంటి మరొక శక్తి చీల్చిన సందులో నీరు దారి చేసుకొన్నదా? కడప సీమలో ఇటువంటి గండ్లు రెండు ప్రసిద్ధమైనవి ఉన్నవి. పాపఘ్ని నది శేషాచల శ్రేణిని దాటే గండి వేంపల్లె సమీపమున ఉన్నది. పెన్న ఎర్రమల కొండలను కోసిన గండి జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరములో గండికోట వద్ద ఉన్నది. పిల్లలను వెంటబెట్టుకొని నెమ్మదిగా నడచి చూడదగిన చోట్లు ఇవి. చూడవలసినది ఏమిటో తెలిసి చూస్తే, పై ప్రశ్నకు సమాధానము అక్కడి రాళ్ళలోనే కనబడును.

శతాబ్దాల తరబడి జనము ఈ చోట్లకు రాళ్ళను చూడడానికి రాలేదు. పాపఘ్ని గండికి ఆంజనేయస్వామి కోసము వచ్చేవారు. శ్రావణ శనివారములలో నేటికీ వస్తున్నారు. లంకనుండి తిరిగి వచ్చే శ్రీరాముని స్వాగతించడానికి వాయుదేవుడు ఈ రెండు కొండలకు నడుమ బంగారు తోరణము కట్టినాడని స్థలపురాణము. అది అంత్యకాలము సమీపించినవారికి మాత్రమే కనబడునట. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, పిమ్మట మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రోకు ఆ తోరణము కనబడినదనీ, కొద్దికాలానికే, 1827లో, పత్తికొండ వద్ద కలరాతో చనిపోయినాడనీ జనము చెప్పుకొంటారు. కథ ఎట్లున్నా, తోరణము కట్టదగినంత ఇరుకుగా రెండు కొండలు ఎదురెదురుగా నిలిచి ఉన్నవన్న సంగతిని ఆ కథ చక్కగా పట్టి చూపినది.

గండికోటకు ప్రజలు వచ్చినది యుద్ధము కోసము. లోతైన పెన్న లోయ ఒక ప్రక్క సహజమైన అగడ్తగా ఉండగా, మిగిలిన ప్రక్కలకు గోడ కట్టుకొంటే సరిపోయినది. విజయనగర కాలమున పెమ్మసాని నాయకులు ఇక్కడ పాలించినారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. రెండేండ్ల తరువాత ఫ్రెంచి రత్నవర్తకుడు టావర్నియే అతనిని కలుసుకొనడానికి ఇక్కడకు వచ్చి, దుర్గపు బలమును గూర్చి వ్రాసినాడు. మాధవరాయ ఆలయము, జామియా మసీదు, ధాన్యాగారము నేటికీ నిలిచి ఉన్నవి. ఈ కట్టడములను చూసినవారిలో వాటి క్రింది రాతిని గూర్చి ఆలోచించినవారు అరుదు.

రాతిని చదివే విద్య ప్రపంచములోనే కొత్తది. 1788లో స్కాట్లండు తీరమున సిక్కర్ పాయింట్ అనుచోట జేమ్స్ హట్టన్ ఒక వింతను చూపినాడు. నిటారుగా నిలిచిన పాత పొరలమీద కొత్త పొరలు దాదాపు బల్లపరుపుగా పరచుకొని ఉన్నవి. పాతవి ఏర్పడి, పైకి లేచి, అరిగిపోయిన తరువాతనే కొత్తవి వాటిపై పేరుకొని ఉండవలెను. రెండింటి నడుమ ఎంత దీర్ఘకాలము గడచినదో ఊహించుకొనవచ్చును. వెంట వచ్చిన మిత్రులు అది చూసి నివ్వెరపోయినారట.

మన సీమలో ఆ విద్యను విపులముగా ప్రయోగించినవాడు భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్. ఇల్లందు వద్ద బొగ్గును గుర్తించి సింగరేణి గనులకు దారి చూపిన కింగ్ ఇతడే. కడప, కర్నూలు శిలలను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము 1872లో వెలువడినది. అందులో రాతిపొరలకు మన ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు పెట్టినాడు. అన్నిటికంటె క్రింది వర్గము పాపఘ్ని. ఆ వర్గములో అడుగు పొర గువ్వలచెరువు పేరుతోను, దానిపైది వేంపల్లె పేరుతోను శాస్త్రగ్రంథములకు ఎక్కినవి. రాయచోటి దారిలో బస్సు ఆపి పాలకోవా కొనుక్కొనే గువ్వలచెరువే అది! ఆ పేరు ఇంగ్లీషువారి నోట ‘గుల్చెరు’ అయి భూగర్భ శాస్త్రవేత్తలందరికీ పరిచితమైనదని కోవా కొనేవారిలో ఎందరికి తెలుసు? ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకములో సర్ థామస్ హాలండ్ ఇటువంటి ప్రాచీన శిలలన్నిటినీ కలిపి ‘పురాణ’ శిలలన్నాడు. పెట్టినది విదేశీయుడే అయినా, పేరు మాత్రము మనకు వివరించనక్కర లేనిది.

నడక అడుగునుండి మొదలుపెట్టడము మంచిది. గువ్వలచెరువు పొర క్రింద ఉన్నది గ్రానైటు, భూమి లోపల కరగి గడ్డకట్టిన రాయి. పైన ఉన్నది గులకరాళ్ళు, ఇసుక పేరుకొని గట్టిపడిన రాయి. లోతున పుట్టిన గ్రానైటు పైకి వచ్చి, ఎండకు వానకు అరిగిన తరువాతనే దానిపై ఇసుక పరచుకొన్నది. హట్టన్ చూపిన ఎడము వంటిదే ఇదియు. తిరుమల కొండదారిలో ఇటువంటి హద్దునే భూగర్భశాఖవారు జాతీయ స్మారకముగా గుర్తించినారు. ఆ హద్దు గీతకు పైనున్న రాయికి, క్రిందిదానికి నడుమ కోట్ల కొలది సంవత్సరముల అంతరమున్నది. బస్సు దానిని రెండు క్షణములలో దాటిపోవును. కొండపైన శిలాతోరణము కూడ అటువంటి ఇసుక రాతిలోనే, మెత్తని భాగము రాలిపోగా గట్టి భాగము వంతెనవలె నిలిచి ఏర్పడినది.

వేంపల్లె పొర సున్నపురాయి జాతికి చెందినది. అందులో కోసిన క్యాబేజీవలె వంపుతిరిగిన సన్నని పొరలు కనబడును. లోతులేని సముద్రములో సూక్ష్మజీవులు పలుచని చాపలవలె పెరిగి, ఒకదానిపై ఒకటి పేరుకొన్న గుర్తులవి. ఒకప్పుడు జీవము జాడ లేదనుకొన్న శిలలలో దొరికిన ప్రాణుల ఆనవాళ్ళివి. పిల్లలకు రాక్షసబల్లులంటే ఎంతో మోజు. ఈ జీవులు వాటికంటె నూరు కోట్ల సంవత్సరములకు పైగా ముందటివని చెప్పి చూడండి.

గండికోట రాయి ఈ వరుసలో ఇంకా పైన ఉన్నది. ఇది ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్జైటు. ఇనుము తుప్పు వలన ఎరుపెక్కినది. కోటలో నడిచేటప్పుడు కొన్ని బండలమీద అలల గుర్తులు కనబడును. ఏటి ఒడ్డున తడి ఇసుకపై ఏర్పడే చిన్న చిన్న అలల వంటివే ఇవి. పిల్లవాడు వ్రేలితో తడిమి తెలుసుకొనగలడు. ఈ పొరకు క్రింది పొర తాడిపత్రి పేరుతో ఉన్నది. దానిలోనికి భూగర్భమునుండి చొచ్చుకొనివచ్చిన నల్లరాతికి 2008లో శాస్త్రజ్ఞులు వయస్సు కట్టినారు. పులివెందుల వద్దనున్న ఆ రాయి సుమారు 188 కోట్ల సంవత్సరముల నాటిదని తేలినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. లోయ అంచున, లోపలికి తగినంత దూరములో కూర్చుండి ఎదుటి గోడను చూడండి. ఇటుకలు పేర్చినట్లు రాతివరుసలు కనబడును. ఎదుటి వరుసలను ఈ ప్రక్క వరుసలతో పోల్చి చూస్తే, అవే పొరలు, అదే క్రమములో, ఎత్తులోనూ సరిపోవుచున్నవి. భూమి బ్రద్దలై ఒక ప్రక్క క్రుంగి ఉంటే ఇవి ఇట్లు సరిపోవు. రాతిలో నిలువు పగుళ్ళు ఉన్నమాట నిజమే. కాని అవి సన్ననివి, నీటికి చోటు చూపినవి మాత్రమే. కోతపని చేసినది వరద మోసుకొని వచ్చిన ఇసుక, గులకరాళ్ళు. ఇవి రంపపు పళ్ళవలె అడుగును అరగదీయగా, ప్రక్కల ఆధారము పోయిన దిమ్మెలు పగుళ్ళ వెంబడి విడిపోయి పడినవి. అందుకే గోడలు అంత నిటారుగా ఉన్నవి.

మరి నది కొండను చుట్టి పోక నడుమనుండి ఎందుకు పోయినది? ఇప్పటి పల్లపు నేల అప్పుడు పల్లము కాదు. నది ఒకప్పుడు ఈ కొండతలల ఎత్తున పారినది. చుట్టూ మెత్తని రాయి త్వరగా అరిగి పల్లమైనది. గట్టి రాయి కొండగా మిగిలినది. అప్పటికే తన గాడిలో దిగిపోయిన నదికి దానిని విడిచిపోయే వీలు లేకపోయినది.

అంచుకు పిల్లలను పోనీయరాదు. పలుచోట్ల అడ్డుకట్ట లేదు. దిమ్మెలు వదులుగా ఉన్నవి. గాలి హోరున వీచే సాయంకాలములలో పెద్దలకు కూడ కాలు నిలువదు. ఎండాకాలము మానుకొని, కార్తికము మొదలు మాఘము వరకు పోవడము మేలు. నీరు వెంట తీసుకొనిపోవలెను.

ఇరుకు గనుకనే ఇక్కడ కోట వెలసినది. ఇరుకు గనుకనే ఆనకట్టలకును ఇది అనువైనది. కోటకు ఎగువన గండికోట జలాశయము, దిగువన మైలవరము జలాశయము కట్టినారు. ఎగువ జలాశయములో పూర్తిగా నీరు నింపడానికి కొండాపురము ప్రాంతమున పలు గ్రామములు ఖాళీ అయినవి. తాళ్ళప్రొద్దుటూరువారు 2020లో ఊరు విడిచినారు. కరవు సీమకు ఆ నీరు ఎంత అవసరమో ఇక్కడివారికి వేరుగ చెప్పనక్కర లేదు. ఆ నీటికి వెల కట్టినవారు ఎవరో కూడ తెలియవలెను. వారి ఇండ్లున్న చోట నేడు నీరు నిలిచి ఉన్నది. పెన్న మోసుకొనివచ్చే ఇసుకలో చాలవరకు ఆ నిలువనీటిలోనే దిగిపోవుచున్నది. కోట క్రిందికి వచ్చే నీటికి మునుపటి రంపపు పళ్ళు లేవు.