పన్నెండు మెట్ల కిన్నెర – పంచమ వలయం: ఒక చారిత్రక పరిశీలన

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. ఈ ప్రాంతపు కళాచరిత్రలో సంస్థానాల విద్వత్పోషణకు లభించినంత లిఖిత సాక్ష్యం వాద్యసంగీతానికి లభించలేదు. గద్వాల మొదలైన సంస్థానాలలో తిరుపతి వేంకటకవుల అవధానాలకు జరిగిన ఆదరణ గ్రంథస్థమైంది. డక్కలి కళాకారుల కిన్నెరకు అటువంటి గ్రంథస్థితి లేదు. అందుచేత కిన్నెర స్వరవ్యవస్థ విషయంలో ప్రధాన ఆధారపత్రం ఆ వాద్యమే. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు ఇందులోని అక్షరాలు.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథాగేయాన్ని పాడి ప్రసిద్ధులయ్యారు. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. అంతకు ముందే, 2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ చిత్రగీతం ఆయన గొంతుతో, కిన్నెరతో ఆరంభమై, తమన్ కూర్చిన వాద్యబృంద సంగీతంలోకి సాగింది. కిన్నెర ఆధునిక వాద్యమేళనం పక్కన నిలిచిన ఈ సందర్భం ఒక శాస్త్రీయ ప్రశ్నకు తావిస్తుంది. పాశ్చాత్య హార్మనీలో పన్నెండు స్థానాల పంచమ వలయం ఉన్నది. ఇక్కడ పన్నెండు మెట్లు ఉన్నాయి. కిన్నెర బాణీకి వలయాకారపు కార్డుల వరుసను కూర్చవచ్చునా? సంఖ్యల సామ్యాన్ని బట్టి వెంటనే అవుననిపిస్తుంది. అయితే ఆ సామ్యం పైపైదే.

వలయం ముగిసే తీరు

ఏకకాలంలో మ్రోగే మూడు లేదా అంతకు మించిన స్వరాల కూర్పు కార్డు. ఒక కార్డు మూలస్వరం నుండి ఐదవ స్వరానికి దిగుతూ, అక్కడ మరొక కార్డును కట్టుతూ పోతే బయలుదేరిన చోటికే చేరుకోవడం వలయాకార గమనం. ధీరశంకరాభరణ స్వరాలతో ఈ మార్గం స–మ–ని–గ–ధ–రి–ప–స అవుతుంది. ఏడు అడుగులలో షడ్జం తిరిగి వస్తుంది. ప్రతి అడుగూ శుద్ధ పంచమాంతరమే, అనగా ఏడు అర్ధస్వరాలే అయితే మొత్తం 49 కావాలి. నాలుగు స్థాయిలకు ఉన్నవి 48 మాత్రమే. మధ్యమం నుండి నిషాదానికి దిగే అడుగు ఆరు అర్ధస్వరాలు కావడం వల్లనే లెక్క సరిపోతున్నది. ఒక్క అడుగు పొట్టి కావడమే వలయానికి ప్రాణం!

ఏ అడుగునూ పొట్టి చేయకుండా పన్నెండు స్థానాల గుండా నడిస్తే మరొక చిక్కు ఎదురవుతుంది. 3/2 నిష్పత్తిని పన్నెండు మార్లు హెచ్చిస్తే 129.746 వస్తుంది, ఏడు స్థాయిల విలువ 128. ఈ తేడా అర్ధస్వరంలో సుమారు నాలుగోవంతు. 18వ శతాబ్దపు తొలి దశకాలలో జర్మన్ సంగీతశాస్త్రజ్ఞుడు యోహాన్ డేవిడ్ హైనిషెన్ శ్రుతులను వలయంగా గీసి చూపాడు. కాగితం మీది గీత కలిసినంత సులభంగా చెవికి వినిపించే వలయం కలవదు. సమవిభక్త శ్రుతివిధానం ఆ మిగులును పన్నెండు పంచమాలకూ సమంగా పంచి, ఒక్కొక్కదానిని కొద్దిగా కుదిస్తుంది. నేటి కీబోర్డు ఈ రాజీపై నిలిచి ఉన్నది.

రామామాత్యుని మెట్లు

స్థిరమైన మెట్లు కోరే రాజీ తెలుగువారి శాస్త్రచింతనకు కొత్త కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అలంపురాలు గల భూభాగం నడిగడ్డ. విజయనగర, బీజాపురాల పోరుకు కేంద్రమైన రాయచూరు అంతర్వేదిలో అది తూర్పు అంచు. ఆ కాలపు విజయనగరంలోనే, అళియ రామరాయల ఆదరణలో, రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ రచించాడు. ఏడు శుద్ధ, ఏడు వికృత స్వరాలను చెప్పిన తరువాత వీణమీద అన్నింటికీ వేర్వేరు మెట్లు అమర్చడం కష్టమని గుర్తించి, అంతర గాంధారానికి చ్యుతమధ్యమ గాంధారాన్నీ, కాకలి నిషాదానికి చ్యుతషడ్జ నిషాదాన్నీ ప్రతినిధులుగా అంగీకరించాడు. ఒక శ్రుతి అంతరం గల రెండు స్వరాలకు ఒకే మెట్టు చాలునన్నాడు. పధ్నాలుగు ఆ విధంగా పన్నెండయ్యాయి.

ఈ నిర్ణయాన్ని సమవిభక్త విధానానికి పూర్వరూపమనడం అతిశయోక్తి. రామామాత్యుడు వలయాన్ని మూయడానికి ఈ పని చేయలేదు. వాదకుని వేళ్లకు వీలు కల్పించడానికి చేశాడు. తరువాతి శతాబ్దంలో వేంకటమఖి ప్రతిపాదించిన 72 మేళకర్తలను పన్నెండు చక్రాలుగా విభజించే ఆచారం కూడా ఈ సందర్భంలో తప్పుదారి పట్టించగలదు. అవి వర్గీకరణ చక్రాలు. ఒకదాని నుండి మరొకదానికి సంగీతం నడిచే దారులు కావు.

ఆధారశ్రుతి అడ్డు

అసలైన భేదం మెట్ల సంఖ్యలో లేదు, షడ్జపు స్థితిలో ఉన్నది. కథాగేయానికి ఆధారషడ్జం కదలని నేల. వలయాకార గమనంలో అడుగడుగునా నేల మారుతుంది. పై స–మ–ని–గ–ధ–రి–ప వరుసలోని ఏడు త్రిస్వర కార్డులను పరిశీలిస్తే షడ్జం మూడింటిలోనే కనిపిస్తుంది. స–గ–ప కార్డులో అది మూలస్వరం, మ–ధ–స లో పంచమం, ధ–స–గ లో తృతీయం. తక్కిన ని–రి–మ, గ–ప–ని, రి–మ–ధ, ప–ని–రి కార్డులలో దానికి చోటు లేదు. షడ్జం నిరంతరం మ్రోగుతుండగా ఈ వలయాన్ని నడిపితే ఏడింట నాలుగు చోట్ల కార్డుకు వెలుపలి స్వరం వినిపిస్తూనే ఉంటుంది. నిషాదం మూలమైన కార్డుతోను, గాంధారం మూలమైన కార్డుతోను, పంచమం మూలమైన కార్డుతోను నిషాద షడ్జాల అర్ధస్వర సంఘర్షణ మరింత తీవ్రం.

కాబట్టి కిన్నెర బాణీకి కార్డులు కూర్చదలచిన సంగీతకర్త ముందు రెండు మార్గాలే ఉన్నాయి. షడ్జం గల మూడు కార్డులలోనే తిరగడం ఒకటి. అప్పుడు వలయం పొట్టి అవుతుంది గాని గేయపు నేల చెదరదు. కిన్నెరను ఆరంభానికి పరిమితం చేసి, తరువాత వాద్యబృందానికి స్వేచ్ఛనివ్వడం రెండవది. రెండవదాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. రెండు స్వరవ్యవస్థలను ఒకదానిపై ఒకటి మోపకుండా పక్కపక్కన నిలపడం కూడా ఒక పరిష్కారమే.

కిన్నెరలో ఈ వలయం లేకపోవడాన్ని లోపంగా లెక్కించే దృష్టి మాత్రం నిలువదు. కథకుడు చరణం పాడి, వచనం చెప్పి, మళ్లీ కిన్నెర పలుకును అందుకుంటాడు. కథను ముందుకు నడిపే ఆవృత్తి అక్కడ ఉన్నది. స్వరాధారం మారితే ఆ తిరిగి రావడానికి గుర్తే మిగలదు.

దీనికి పరిశోధనాపరమైన పర్యవసానం ఒకటి ఉన్నది. కిన్నెర బాణీలను హార్మోనియంపై సరిచూసి స్వరలిపిలో రాస్తే, మైనంతో చెవి ఒప్పిన చోట నిలిపిన మెట్టు దగ్గరలోని కీబోర్డు స్థానానికి జరిగిపోతుంది. ఆ స్వల్పాంతరం ఆ కళాకారుని శ్రుతిజ్ఞానమో, వాద్యం తయారీలో వచ్చిన తేడాయో స్వరలిపి చెప్పలేదు. అందువల్ల తీగ మొత్తం పొడవును, ప్రతి మెట్టు దూరాన్ని ముందుగా కొలిచి నమోదు చేసి, ధ్వనిముద్రణతో సరిపోల్చిన తరువాతనే స్వరలిపికి పూనుకోవాలి. పాడేవారు బతికి ఉండగానే, వారి సమక్షంలోనే జరగవలసిన పని ఇది. మెట్టు ఊడిన కిన్నెరపై మైనపు మరకను చూసి అది ఏ స్వరమో నిర్ణయించడం సాధ్యం కాదు.