వంతు కొరకు ఎదురుచూపు

కావలసినవారు పదిమంది, ఉన్న వస్తువులు రెండు. ముందుగా ఎవరికి ఇవ్వవలెను? బలము గలవానికా, డబ్బు గలవానికా, తొలుత వచ్చి అడిగినవానికా, అవసరము మిక్కుటముగా ఉన్నవానికా? అంగడి పుట్టిననాటి నుండి ఉన్న ప్రశ్న ఇది. దీనికి వర్తకలోకము కనిపెట్టిన సమాధానములలో ఒకటి పేర్ల జాబితా. రైలు ప్రయాణముల పుణ్యమా అని ‘వెయిటింగు లిస్టు’ అను మాట మన ఇండ్లలో చిన్నపిల్లలకు కూడ తెలిసినదే.

నేడు ఆ జాబితా ఇంటర్నెట్టు అంగళ్లలో కూడ వెలసినది. చీర బొమ్మ క్రింద ‘సరుకు అయిపోయినది, ఫోను నంబరు ఇచ్చినచో రాగానే తెలియజేయుదుము’ అని కనబడును. పెద్ద వ్యాపారులే కాదు, ఇంటివద్ద పచ్చళ్లు పెట్టి అమ్మే గృహిణులు, చేనేత వస్త్రములు తెప్పించి అమ్మే యువకులు కూడ ఇటువంటి జాబితాలు నడుపుచున్నారు. జాబితా తెరచుట నిమిషముల పని. తెరచినవాడు ఏమి బాధ్యత నెత్తికెత్తుకొన్నాడో తెలియవలెనన్న గడచిన శతాబ్దపు చరిత్రను కొంచెము తిరుగవేయవలెను.

మన పెద్దలు బేరము కుదిరినప్పుడు బయానా ఇచ్చేవారు. సంచకరువు అన్నను అదే. ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని ఉభయులను కట్టివేసే సొమ్ము అది. ఇద్దరూ ఒకే ఊరివారు. మాట తప్పినవానిని నలుగురిలో నిలదీయవచ్చును. వేలమంది పేర్లు గల జాబితాలో ఆ సౌకర్యము లేదు. ఒకవైపు ఒకరినొకరు ఎరుగని వేలమంది, మరొకవైపు ఒక్క అమ్మకందారు. తన ముందు ఎందరున్నారో, వెనుక ఎందరున్నారో కొనువానికి తెలియదు. ఈ తెలియమిలోనే ప్రమాదమంతా ఉన్నది.

ఆ ప్రమాదము ఎంతదూరము పోగలదో జర్మనీలో రుజువైనది. 1938లో హిట్లరు ప్రభుత్వము సామాన్యునికి సైతము కారు అందించెదమని చాటినది. ధర 990 మార్కులు. వారమునకు 5 మార్కుల స్టాంపు కొని పుస్తకములో అంటించుచు పోవలెను. పుస్తకము నిండినప్పుడు కారు వచ్చును. ఆ ఏడాది మే 26వ తేదీన కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఆగస్టులో స్టాంపుల పథకము మొదలైనది. సుమారు 3,36,000 మంది అందులో చేరినారు. కట్టిన సొమ్ముపై వడ్డీ లేదు.

1939లో యుద్ధము వచ్చినది. కర్మాగారము సైన్యమునకు బండ్లు చేసినది. స్టాంపులు అంటించినవారిలో ఒక్కరికైనను ఆ పథకము క్రింద కారు చేతికి రాలేదు. బెర్లినులోని బ్యాంకులో పోగైన సొమ్ము యుద్ధాంతమున సోవియట్ అధికారుల వశమైనది. యుద్ధము ముగిసిన పిమ్మట అదే కర్మాగారము ఫోక్స్‌వాగన్ కార్లను లక్షలుగా చేసి ప్రపంచమంతటా అమ్మినది. మా స్టాంపుల మాటేమిటని చందాదారులు న్యాయస్థానమునకు ఎక్కినారు. ఏండ్ల తరబడి సాగిన ఆ వ్యాజ్యము 1961లో రాజీతో ముగిసినది: కొత్త కారు కొనువారికి ధరలో 600 మార్కుల వరకు తగ్గింపు, కారు వద్దన్నవారికి 100 మార్కుల వరకు నగదు. వస్తువు తయారు కాకముందే పూర్తి సొమ్ము పుచ్చుకొన్న జాబితా చరిత్ర ఇది.

ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ నడచిన దారి వేరు. 1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో అది ‘2 సి.వి.’ అను చిన్న కారును చూపినది. పత్రికలవారు వికారముగా ఉన్నదని నవ్వినారు గాని, పల్లెజనము మాత్రము ఎగబడినారు. ఉక్కు కరవుగా ఉన్న కాలమగుటచే తయారీ మందముగా సాగినది. ఎదురుచూపు మూడేండ్లకు, పిదప అయిదేండ్లకు పెరిగినది. అప్పుడు కంపెనీ ‘ఈ కారు మీకు దేనికి?’ అని అడుగసాగినది. పల్లెలు తిరిగే వైద్యులకు, పశువైద్యులకు, చర్చి గురువులకు, చిన్న రైతులకు ముందు వంతు ఇచ్చినారు. వెనుక వచ్చినవాడు ముందుకు పోయినను, ఎందుకు పోయినాడో అందరికి తెలిసిన కారణముండుటచే అది అన్యాయమనిపించలేదు. అయినను ఒక వింత జరిగినది: వాడిన కారు కొత్త కారుకంటె ఎక్కువ ధర పలికినది. వాడిన కారుకు ఎదురుచూడనక్కరలేదు గదా!

ఇక మన దేశపు కథ. ఇది మన ఇండ్లలో పెద్దలు ఇంకను చెప్పుకొనే కథ. స్వాతంత్ర్యానంతరము ఏ కర్మాగారము ఎన్ని వస్తువులు చేయవలెనో ప్రభుత్వపు లైసెన్సు నిర్ణయించేది. విదేశ మారకద్రవ్యము తక్కువ; జనాభా ఎక్కువ. బొంబాయిలో లాంబ్రెటా, పూనా చెంత బజాజ్ వారి వెస్పా తయారయ్యేవి. కోరేవారి సంఖ్య తయారీని మించుటచే 1959లో కార్లకు, 1960లో స్కూటర్లకు పంపిణీ నియంత్రణ ఉత్తర్వులు వచ్చినవి. డీలరు తన ఇష్టము వచ్చినవారికి అమ్ముటకు వీలులేదు. పేరు నమోదు చేసుకొని వరుస ప్రకారము ఇవ్వవలెను.

ఆ ఏర్పాటులో ఒక మంచి అంశమున్నది. స్కూటరు కోరినవాడు 250 రూపాయలు పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకులో వేసి, ఆ పాసుపుస్తకమును పూచీగా చూపేవాడు. సొమ్ము వ్యాపారి గల్లాపెట్టెలోకి పోలేదు. ఆనాడు 250 రూపాయలు చిన్న మొత్తము కాదు. బడిపంతులుకో, గుమాస్తాకో అది కూడబెట్టిన సొమ్ము. జర్మనీ చందాదారులకు కలిగిన గతి మన గుమాస్తాకు కలుగకపోవుటకు ఈ ఒక్క నియమము చాలినది.

సొమ్ము క్షేమమే గాని కాలము క్షేమము కాలేదు. 1972లో బజాజ్ వారు ‘చేతక్’ను తెచ్చినారు. రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు పెట్టిన ఆ వాహనము మన చేతికి వచ్చుటకు పదేండ్లు కూడ పట్టిన రోజులున్నవి. హైదరాబాదు నుండి వచ్చిన ఆల్విన్ పుష్పక్‌ను కూడ మన రోడ్లు చూచినవి. అయినను చేతక్ వరుస తరుగలేదు. పెండ్లి బేరములలో స్కూటరు ఒక కోరికగా చేరుటచే, ఆడపిల్ల తండ్రి ఆమె చదువు ముగియకమునుపే పేరు నమోదు చేయించుటయు ఆనాడు వింత కాదు. విదేశములలో బంధువులున్నవారు మారకద్రవ్యము చెల్లించినచో వంతు త్వరగా వచ్చేది. స్కూటరు చేతికి వచ్చిన దినముననే దానిపై లాభమునకు అడిగేవారు సిద్ధముగా ఉండేవారు.

లాభము రుచి మరగినచోట జాబితా అబద్ధమాడ నారంభించును. స్కూటరు అక్కరలేనివారు కూడ పేర్లు వ్రాయించినారు. ఒకే ఇంట తండ్రి పేరున ఒకటి, కొడుకు పేరున ఒకటి. జాబితా పొడవును చూచి గిరాకీ అంతయున్నదని లెక్కవేసినవాడు మోసపోవును. నిజముగా అవసరమున్నవాడు మాత్రము ఆ దొంగపేర్ల వెనుక నిలబడి ఏండ్లు గడిపినాడు. ఆలస్యం అమృతం విషం అన్న సామెత ఇట్టి వస్తువులకు చక్కగా సరిపోవును.

1983లో మారుతీ కారుకు నమోదులు తెరచినప్పుడు 10,000 రూపాయల ధరావతు కట్టి లక్షకు పైగా జనము పేర్లు ఇచ్చినారు. ముందు వచ్చినవానికి ముందు అను సూత్రమును ప్రక్కనపెట్టి, కంప్యూటరు చేత లాటరీ తీయించి వంతులు నిర్ణయించినారు. ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన తొలి కారు తాళములను ప్రధాని ఇందిరా గాంధీ అందజేసినారు. అదే దశకములో జపాను సహకారముతో కొత్త ద్విచక్ర వాహనములు వచ్చినవి. 1991లో పారిశ్రామిక లైసెన్సు విధానము చాలవరకు తొలగినది. పదేండ్ల జాబితాలు ఎవరును చింపకనే కరిగిపోయినవి. వాటిని కరిగించినది తయారీయే గాని నియమము కాదు.

అవి పోయినవనుకొన్నంతలో ఇంటర్నెట్టు వాటిని మరల తెచ్చినది. అమెరికాలో టెస్లా కంపెనీ 2016 మార్చి 31న ‘మోడల్ 3’ కారుకు తిరిగి ఇచ్చివేయదగిన 1,000 డాలర్ల ధరావతుతో నమోదులు మొదలుపెట్టగా, వారములో మూడు లక్షలకు పైగా వచ్చినవి. చాటిన 35,000 డాలర్ల రకము మాత్రము 2019లో గాని అమ్మకమునకు రాలేదు. మన దేశములో ఓలా విద్యుత్ స్కూటరుకు 2021 జులైలో 499 రూపాయలతో నమోదు తెరచినారు. ఒక్క రోజులో లక్ష వచ్చినవని కంపెనీ ప్రకటించినది. తొలి బండ్లు డిసెంబరులో చేతికి అందినవి. ఒకనాటి 250 రూపాయల పాసుపుస్తకమునకు ఇది మనుమరాలు వంటిది.

చిన్న అంగడి నడిపే మన గృహిణికి ఈ కథ ఏమి చెప్పుచున్నది? మొదటిది, మాట స్పష్టముగా ఉండవలెను. ‘వచ్చినప్పుడు తెలియజేయుదుము’ అనుట వేరు, ‘మీ వంతు ఉంచుదుము’ అనుట వేరు. ఇరువది చీరలు వచ్చినప్పుడు అయిదువందల మందికి ఒకేసారి కబురు పంపినచో అది వరుస కాదు, పరుగుపందెము. వంతు ఉన్నదని చెప్పినవారు మొదటి ఇరువదిమందికి కబురు పంపి, ఒక రోజు గడువిచ్చి, వద్దన్నవారి స్థానమున తరువాతివారిని పిలువవలెను. రెండవది, సొమ్ము. పుచ్చుకొనకున్న మేలు, పుచ్చుకొన్నచో వేరుగా ఉంచి, అడిగినప్పుడు ప్రశ్న లేకుండ తిరిగి ఇవ్వవలెను. మూడవది, తేదీ. సరుకు ఎప్పుడు వచ్చునో, రానిచో ఏమి చేయుదురో ముందే చెప్పవలెను. ఇవ్వబడిన ఫోను నంబరును ఆ పనికే వాడవలెను. సమ్మతి ఏ పనికి ఇచ్చినారో ఆ పనికే సమాచారమును వాడవలెనన్నది 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టపు మూలసూత్రము కూడ.

అన్నిటికంటె ముఖ్యమైనది, జాబితాలో ఉన్న పేరు అంకె కాదు. అది ఒక ఇంటివారు ఒక మాటను నమ్మి దాచిపెట్టుకొన్న కోరిక. వస్తువు లేదని చెప్పుట వ్యాపారికి అవమానము కాదు. లేని వస్తువుకు వంతు ఇచ్చి మరచుటయే అవమానము.