బజార్ (1982 చిత్రం)

బజార్ 1982లో విడుదలైన భారతీయ చలనచిత్రం. దీనికి రచయిత, దర్శకుడు సాగర్ సర్హదీ. సంగీత దర్శకుడు ఖయ్యాం. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేక్, సుప్రియా పాఠక్ ప్రధాన పాత్రధారులు. హిందీ చిత్రంగా విడుదలైనప్పటికీ ఇందలి సంభాషణలు, పాటలు ఉర్దూలోనివి. పేద ముస్లిం కుటుంబాల ఆడపిల్లలను గల్ఫ్ దేశాలలో ధనం గడించిన వారికి సొమ్ము తీసుకొని పెళ్ళి చేయడం అనే దురాచారం ఈ చిత్రానికి ఇతివృత్తం. కథ హైదరాబాదు నగరంలో జరుగుతుంది. ఇందులోని గజళ్ళు చిత్రం కంటే ఎక్కువ ప్రజాదరణ పొందాయి.

నేపథ్యం

సాగర్ సర్హదీ (1933-2021) ఉర్దూ కథా రచయిత, నాటక రచయిత. కభీ కభీ (1976) చిత్రానికి సంభాషణలు వ్రాసి పేరు పొందాడు. ఆ చిత్రానికి కూడా సంగీతం ఖయ్యాం సమకూర్చాడు. దర్శకునిగా సర్హదీకి బజార్ మొదటి చిత్రం.

కథ

నజ్మా (స్మితా పాటిల్) హైదరాబాదును విడిచి బొంబాయిలో అఖ్తర్ (భరత్ కపూర్) ఆశ్రయంలో ఉంటుంది. అతడు తనను పెళ్ళాడతాడని ఎదురుచూస్తుంటుంది. గల్ఫ్‌లో ధనం గడించిన షాకిర్ అలీ ఖాన్ పడుచు వధువు కావాలని కోరగా, అతని సహాయంపై ఆధారపడిన అఖ్తర్ అందుకు పూనుకుంటాడు. అందరూ హైదరాబాదు వస్తారు. నజ్మాను ప్రేమించే సలీం (నసీరుద్దీన్ షా) కూడా వారి వెంట ఉంటాడు. పేద యువకుడు సర్జూ (ఫారూఖ్ షేక్), షబ్నమ్ (సుప్రియా పాఠక్) ఒకరినొకరు ప్రేమించుకుంటారు. చివరకు షాకిర్‌కు వధువుగా షబ్నమ్‌నే నిర్ణయిస్తారు. ఆమె ఆత్మహత్య చేసుకుంటుంది. ఈ బేరంలో తనకూ పాలు ఉన్నదని గ్రహించిన నజ్మా అఖ్తర్‌ను విడిచి వెళ్ళిపోతుంది.

సంగీతం

ఈ చిత్రంలోని ప్రధాన గీతాలు వేర్వేరు కాలాల ఉర్దూ కవుల రచనలు.

* ఫిర్ ఛిడీ రాత్: రచన మఖ్దూం మొహియుద్దీన్, గానం లతా మంగేష్కర్, తలత్ అజీజ్
* దిఖాయీ దియే యూఁ: రచన మీర్ తకీ మీర్, గానం లతా మంగేష్కర్
* కరోగే యాద్ తో: రచన బషర్ నవాజ్, గానం భూపిందర్ సింగ్
* దేఖ్ లో ఆజ్: రచన మీర్జా షౌక్; గానం జగ్జీత్ కౌర్

మఖ్దూం (1908-1969) మెదక్ జిల్లా ఆందోలులో జన్మించాడు. హైదరాబాదు సిటీ కాలేజీలో అధ్యాపకునిగా పనిచేశాడు. కమ్యూనిస్టు నాయకునిగా తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్నాడు. ఆయన మరణించిన 13 సంవత్సరాలకు ఆయన గజల్, ఆయన నగరం కథగా గల చిత్రంలో వినిపించింది. దీనిని పాడినవారిలో తలత్ అజీజ్ కూడా హైదరాబాదు వాడే. సర్జూ, షబ్నమ్‌ల ప్రేమ సన్నివేశంలో ఈ పాట వస్తుంది.

మీర్జా షౌక్ 19వ శతాబ్దపు లక్నో కవి. 'దేఖ్ లో ఆజ్' ఆయన 'జహర్-ఎ-ఇష్క్' అనే మస్నవి (కథాకావ్యం) నుండి గ్రహించబడినది. ఆ కావ్యంలో నాయిక విషం తీసుకొనే ముందు ప్రియుని వద్ద సెలవు తీసుకుంటుంది. చిత్రంలో షబ్నమ్ వీడ్కోలు ఘట్టానికి ఇదే పాటను వాడడం వలన, కావ్యం తెలిసిన శ్రోతకు ఆమె ముగింపు ముందుగానే స్ఫురిస్తుంది. గాయని జగ్జీత్ కౌర్ ఖయ్యాం సతీమణి.

పురస్కారం

సుప్రియా పాఠక్‌కు ఈ చిత్రంలోని నటనకు ఉత్తమ సహాయనటిగా ఫిలింఫేర్ పురస్కారం లభించింది.

సామాజిక ప్రాముఖ్యత

ఈ పాటలను నేటికీ ప్రేమగీతాలుగానే ఎక్కువమంది వింటారు. చిత్రంలో మాత్రం అవి అమ్ముడుపోయిన ప్రేమను గురించిన పాటలు. పెళ్ళి పేరుతో జరిగే ఈ అమ్మకంలో బయటి ధనికునితో పాటు పేదరికంలో ఉన్న తల్లిదండ్రులు, మధ్యవర్తులు, చూస్తూ ఊరుకున్న స్నేహితులు కూడా భాగస్వాములేనని ఈ చిత్రం చూపింది.

చిత్రం విడుదలైన తొమ్మిది సంవత్సరాలకు, 1991లో, ఒక సౌదీ వృద్ధుడు పెళ్ళి చేసుకొని తీసుకుపోతున్న హైదరాబాదు బాలిక విమానంలో ఏడుస్తుండగా ఎయిర్ హోస్టెస్ గమనించి అధికారులకు తెలిపింది. దానితో ఈ సమస్య దేశమంతటా చర్చకు వచ్చింది. 2017 సెప్టెంబరులో కూడా హైదరాబాదు పోలీసులు ఇటువంటి వివాహాలకు సంబంధించి ఒమన్, ఖతర్ దేశీయులను, ఖాజీలను, బ్రోకర్లను అరెస్టు చేశారు.