వాతాయనం

కిటికీకి సంస్కృతంలో రెండు పేర్లున్నవి. ఆవు కన్ను వంటిది గనుక గవాక్షం. గాలి వచ్చే త్రోవ గనుక వాతాయనం. అమరసింహుడు రెంటినీ పర్యాయపదాలుగా చెప్పాడు. నేనూ ఏళ్ళ తరబడి పిల్లలచేత అలాగే వల్లె వేయించాను. రెండో పేరు ఎంత బరువైనదో చరిత్ర చదివాకగాని తెలిసిరాలేదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ఆసుపత్రులను గూర్చి ఒక గ్రంథం వెలువరించింది. పొడవాటి వార్డు, ఎత్తైన కప్పు, రెండు వైపులా ఎదురెదురుగా కిటికీలు: ఇదీ ఆమె కోరినది. లండన్‌లో 1871లో తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రి భవనాలు ఈ పద్ధతివే. తమాషా ఏమిటంటే, అప్పటికామె సూక్ష్మజీవులను నమ్మలేదు, చెడుగాలే రోగకారణమనుకొంది. సిద్ధాంతం తప్పు, కట్టడం ఒప్పు! (వ్యుత్పత్తి తప్పు చెప్పి ప్రయోగం సరిగ్గా చేసే విద్యార్థులను నేనూ ఎరుగుదును.)

దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలు నేల చేరకముందే ఆరిపోతాయనీ, మిగిలిన రేణువులు క్రిములతో సహా గాలిలో చాలాసేపు తేలుతాయనీ 1934లో విలియం వెల్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆయన సహచరుడు రిచర్డ్ రైలీ 1950లలో బాల్టిమోర్‌లో ఆరు పడకల క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీపందులున్న గదికి మళ్ళించాడు. రోగి ముఖమైనా చూడని ఆ మూగజీవులు ఒక్కొక్కటే క్షయ బారిన పడ్డాయి. అతినీలలోహిత కిరణాలు సోకిన గాలిని పీల్చినవి మాత్రం బయటపడ్డాయి.

ఇక 2007 నాటి పరిశోధన నన్ను కుదిపింది. పెరూ దేశపు లీమా నగరంలో, కిటికీలూ తలుపులూ తెరిస్తే 1950కి పూర్వపు ఆసుపత్రి గదులలో గాలి గంటకు 40 సార్లు మారుతున్నదట. కొత్త గదులలో 17 సార్లే. మందు మొదలుపెట్టని క్షయరోగులతో ఒక రోజు గడిపితే పాత గదులలో 11 శాతం మందికి, కొత్తవాటిలో 33 శాతం మందికి రోగం సోకగలదని లెక్కగట్టారు. యంత్రాలతో గాలి ఆడించే గదులలోనైతే 39 శాతం!

మిత్రులారా, ఒక మాట ఒప్పుకోవాలి. నేను పనిచేసిన బడిలో పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్త గదులు కట్టే వేళ, ఖర్చు తగ్గుతుందని కప్పు దించారు, కిటికీలు ఒకవైపే పెట్టారు. ఫ్యాన్లున్నాయి గదా అని ఆ తీర్మానంపై నేనూ సంతకం చేశాను. 2021లో బడులు తిరిగి తెరిచినప్పుడు చూడబోయాను. కిటికీలన్నీ బార్లా తీసే ఉన్నవి. గోడకు వ్రేలాడుతున్న పటం మాత్రం కదలడం లేదు.